పీటల మీది పెళ్ళికొడుకు

"నాకు నచ్చిన నవల" శీర్షికకు ఏదైనా రాయమని మన సంపాదకులు రెండు సంచికల నుంచీ అడుగుతున్నారు. మొదటిసారి మార్చి నెలాఖరు లెక్కలని చెప్పి తప్పించుకున్నాను. బ్యాంకువాళ్ళకు మార్చి నెల ఎప్పుడూ ఒక మంచి అడ్డం. రెండోసారి సాకు దొరకలేదు. అసలు సంగతేమిటంటే, ఆ నవల గురించి రాద్దామని కూర్చున్నప్పుడల్లా నచ్చినవాటికంటే నచ్చనివే ముందు వరస కడతాయి. పోనీ నచ్చలేదని రాసేద్దామా అంటే, ఆ పుస్తకమే లేకపోతే నేను ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలిగేవాణ్ణి కాదు.

నవల పేరు 'గోన గన్నారెడ్డి'. రాసినవారు అడవి బాపిరాజు గారు. మీలో చాలామంది చదివే ఉంటారు. చదవనివాళ్ళు 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అల్లు అర్జున్ వేసిన వేషంగానైనా ఎరిగి ఉంటారు. మా పిల్లలకు తెలిసిన గన్నారెడ్డి ఆయనే. నాకు మాత్రం గన్నారెడ్డి 1982లో, పావగడ నుంచి హిందూపురం పోయే ఒక ప్రైవేటు బస్సులో, వెనక సీటు కింద దొరికాడు.

మా పావగడ తాలూకా తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. తుమకూరు జిల్లాలో ఉంటుంది కానీ చుట్టూ మూడు పక్కలా ఆంధ్రదేశమే. ఇటు మడకశిర, అటు కళ్యాణదుర్గం, ఇంకొంచెం పోతే పెనుకొండ, హిందూపురం. మ్యాపులో చూస్తే కర్ణాటక ఒక చెయ్యి చాచి పక్కవాళ్ళ విస్తట్లో పెట్టినట్టుంటుంది. ఇళ్ళల్లో తెలుగు, బడిలో, కచేరీల్లో కన్నడం. సంతలో బేరం తెలుగులో ఆడి చీటీ కన్నడంలో రాసుకుంటాం. మా తెలుగు విని హిందూపురం వాళ్ళు నవ్వుతారు, మా కన్నడం విని తుమకూరు వాళ్ళు నవ్వుతారు. నాది మొదటి నుంచీ కన్నడ మీడియం. ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడే ఈ భాషకు ఒక లిపి ఉందనీ, అందులో పుస్తకాలు రాస్తారనీ పన్నెండేళ్ళ దాకా నాకు తట్టనే లేదు. సినిమా పోస్టర్ల మీద చూసేవాణ్ణి. అది కూడా కన్నడమే, ఎవరో వంకరగా రాశారనుకునేవాణ్ణి.

మా అక్క సంగతి వేరు. హిందూపురంలో మా పెద్దమ్మకు పిల్లలు లేక అక్కను తనతో ఉంచుకుంది. అక్క అక్కడే తెలుగు మీడియంలో పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసయి, మా ఊరికి తిరిగొచ్చింది. నాకంటే ఐదేళ్ళు పెద్ద. టీచరు ట్రైనింగుకు పోవాలని దాని ఆశ. ఇంట్లో ఎవరూ కాదనలేదు, సరేననీ అనలేదు. చూద్దాంలే అన్నారు.

ఇక చిన్నమామ. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. బస్సు కండక్టరు. చేతిలో ఎప్పుడూ టిక్కెట్ల పుస్తకం, చెవి మీద పెన్సిలు. నాకోసం హిందూపురం నుంచి బూందీ పొట్లం తేవడం ఆయన ఒక్కరోజు కూడా మరచిపోయినట్టు జ్ఞాపకం లేదు. బస్సులో ఎవరైనా ఏదైనా మరచిపోతే వారం రోజులు డ్రైవరు పక్కన పెట్టేవాడు. అడిగేవాళ్ళు రాకపోతే అది మా ఇంటికొచ్చేది. అలా మా ఇంట్లో రెండు గొడుగులు, ఒక ఫ్లాస్కు, ఎవరిదో ఒక ఎడమకాలి చెప్పు ఉండేవి. ఒక రోజు ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. అట్ట లేదు, మొదటి కొన్ని పేజీలు లేవు. "నీకు తెలుగు వస్తాది కదమ్మీ, చూడు ఏముందో" అని అక్కకిచ్చాడు.

అది ఏప్రిల్ నెల. మాది శెనక్కాయ పండే సీమ. వానలు పడేలోగా విత్తనానికి కాయలు వలిచి పెట్టుకోవాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక నట్టింట్లో కాయలు కుప్ప పోసుకుని అమ్మ, అవ్వ, పక్కింటి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. అక్క వలవకుండా తప్పించుకోవడానికి మంచి ఉపాయం కనిపెట్టింది. "నేను చదువుతా, మీరు వలవండి" అంది. అలా మొదలైంది.

కథ తెలియనివాళ్ళకు క్లుప్తంగా చెబుతాను. కాకతి గణపతిదేవ చక్రవర్తి కూతురు రుద్రమ. మగవేషంలో రుద్రదేవుడన్న పేరుతో రాచకార్యాలు నడుపుతుంది. ఆడదాని ఏలుబడి గిట్టని సామంతులు తిరుగుబాటుకు సిద్ధమవుతుంటారు. వాళ్ళలో ఒకడు వర్ధమానపురం ఏలే లకుమయారెడ్డి, ఇంకొకడు ఆదవాని కోటారెడ్డి. ఇద్దరూ వియ్యమందితే ఇక చెప్పేదేముంది? కోటారెడ్డి కూతురు అన్నాంబికకు, లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డికి పెళ్ళి కుదురుస్తారు. సరిగ్గా ఆ పెళ్ళిలో గన్నారెడ్డి వచ్చి పడతాడు. ఆయన లకుమయారెడ్డికి అన్నకొడుకే, కానీ గజదొంగగా పేరు మోసినవాడు. అందరూ చూస్తుండగా పెళ్ళికొడుకును ఎత్తుకుపోతాడు. పెళ్ళికూతుర్ని కాదు సుమండీ, పెళ్ళికొడుకును. ఆ తరువాత అన్నాంబిక ఓరుగల్లు చేరడం, రుద్రమకు ఆంతరంగికురాలు కావడం, యుద్ధాలు, మారువేషాలు, చాళుక్య వీరభద్రుడి ప్రేమ, చివరికి ఎవరికి ఎవరో వాళ్ళతో పెళ్ళిళ్ళు.

పెళ్ళికొడుకును ఎత్తుకుపోయే ఘట్టం అక్క చదివిన రోజు మా నట్టింట్లో ఒక్క కాయ కూడా చిట్లలేదు. అందరి చేతులూ ఆగిపోయాయి. చివరికి అవ్వ అడిగిన మాట నాకిప్పటికీ చెవిలో ఉంది. "అయితే ఆ వండిన కూడంతా ఏమాయె?" అంది. అంత పెద్ద పెళ్ళి, ఎన్ని వందల మందికి వండి ఉంటారు, పెళ్ళికొడుకు లేకపోతే వచ్చినవాళ్ళు తిన్నారా, తినకుండా పోయారా, అది ఎవరి ఖర్చు? ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో పనిచేశాను. అవ్వను మించిన ఆడిటరును చూడలేదు.

నేను మాత్రం అక్క భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూసేవాణ్ణి. అక్క వేలు పెట్టి చదివే అక్షరాలు చూస్తుంటే సగం నాకు తెలిసినవే. కన్నడ అక్షరానికి తలకట్టు మార్చితే చాలు. క, శ లాంటి కొన్ని మాత్రం వేషం మార్చుకుని ఉన్నాయి, అచ్చం రుద్రమదేవి లాగానే. పది రోజుల్లో కూడబలుక్కుంటూ చదవడం వచ్చింది. ఎవరూ నేర్పలేదు. తరువాత యుద్ధంలో ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం నేర్పింది. బాపిరాజు గారు చిత్రకారులు కూడా కదా, ఒక్కో అందగత్తెను, ఒక్కో నగను, ఒక్కో శిల్పాన్ని పేజీలకు పేజీలు వర్ణిస్తారు. అవి నేను దాటేసేవాణ్ణి. అక్క యుద్ధాలు దాటేసి అవి చదువుకునేది. ఇద్దరం కలిసి మొత్తం పుస్తకం చదివామన్నమాట.

ఆ నెలలోనే అక్కకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు చిన్నమామే.

మా వైపు ఇది వింత కాదు. మేనమామ ఉండగా బయటి సంబంధం వెతకడమే వింత. మామకు ఇరవై తొమ్మిదేళ్ళు, అక్కకు పద్దెనిమిది. తిరుమణి పక్కన మామకు నాలుగెకరాల మెట్ట ఉంది, చేతిలో ఉద్యోగముంది, బీడీ కూడా తాగడు. అమ్మకు అంతకంటే ఏం కావాలి? అక్కను ఎవరూ అడగలేదు. అక్క కూడా ఏమీ అనలేదు. ఒక రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు దిండులో మొహం పెట్టి ఏడ్చింది. నేను మేలుకునే ఉన్నానని తెలిసి మొహం తుడుచుకుని, నవ్వుతూ, "ఒరే, గన్నారెడ్డికి ఒక కార్డు రాయరా, ఈ నెలాఖరుకు మా ఇంట్లో ముహూర్తమని" అంది.

అది తమాషాకన్నది. నేను నిజంగానే రాశాను.

పోస్టుకార్డు కొన్నాను. తెలుగులో నేను రాసిన మొట్టమొదటి వాక్యాలు అవే. రానిచోట కన్నడ అక్షరాలు వేసుకున్నాను. గన్నారెడ్డి గారికి నమస్కారం, ఫలానా తేదీ, ఫలానా ఊరు, మా అక్కకు ట్రైనింగుకు పోవాలని ఉంది, మీరు వచ్చి పెండ్లికొడుకును తీసుకొని పోవల్ల అని రాశాను. ఆ తరువాత మామ మొహం గుర్తొచ్చింది. బూందీ పొట్లం గుర్తొచ్చింది. కింద ఇంకో రెండు ముక్కలు చేర్చాను. "ఆయన మా మామ. మంచోడు. కొట్టొద్దు. మూడు దినాలు పెట్టుకొని, అన్నం పెట్టి, పంపించండి." చిరునామా దగ్గర వర్ధమానపురం అని రాసి ఆగిపోయాను. జిల్లా ఏదో తెలియదు. అక్కను అడిగితే నవ్వుతుంది. కార్డు పుస్తకంలో పెట్టి, తరువాత చూద్దామనుకున్నాను. తరువాత వెతికితే కనబడలేదు.

పెళ్ళి రోజు నేను వాకిట్లోనే నిలబడ్డాను. పదమూడేళ్ళవాడికి అవన్నీ కథలని తెలియదా అంటే, తెలుసు. అయినా రోడ్డు మీద దుమ్ము లేస్తే చూస్తూ ఉన్నాను. రెండుసార్లు దుమ్ము లేచింది. ఒకసారి మడకశిర బస్సు, ఇంకోసారి మేకలు.

తరువాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. తుమకూరులో బి.కాం. చదివాను, బి.ఎస్.ఆర్.బి. పరీక్ష రాసి 1991లో బ్యాంకులో గుమాస్తాగా చేరాను, ఆఫీసరునయ్యాను, అందరిలాగే ఊరూరా తిరిగాను. మధ్యలో ఒక పుస్తకాల షాపులో అట్ట, మొదటి పేజీలు అన్నీ ఉన్న 'గోన గన్నారెడ్డి' దొరికింది. బాపిరాజు గారి పేరు నాకు తెలిసింది అప్పుడే. 1895లో భీమవరంలో పుట్టారనీ, 'నారాయణరావు' నవలకు విశ్వనాథ వారి 'వేయిపడగలు'తో కలిసి ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమానం పంచుకున్నారనీ, హైదరాబాదులో 'మీజాన్' తెలుగు పత్రికకు సంపాదకులుగా పనిచేశారనీ తరువాత తెలుసుకున్నాను. ఆ కథలో ప్రతి అక్షరం నిజమనే నా నమ్మకం. ఎక్కడైనా నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే గన్నారెడ్డి పెళ్ళికొడుకును ఎత్తుకుపోయిన ఉదంతాన్ని చరిత్రగానే చెప్పేవాణ్ణి. ఒకసారి సంఘం ఉగాది సభలో మైకు పట్టుకుని మరీ చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు.

2004లో రాయచూరుకు బదిలీ అయింది. అక్కడి కోటలో ఒక రాయి ఉంది. మీరెవరైనా మంత్రాలయం పోతే, ఇంకొంచెం దూరం పోయి ఆ రాయిని చూసి రండి. కోట లోపలి గోడలో అడ్డంగా పరిచి ఉంటుంది. నలభై అడుగులకు పైబడిన ఒకే బండ. దాని మీద తెలుగు శాసనం. కర్ణాటకలో, రాయచూరులో, 1294 నాటి తెలుగు. ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలు గెలిచి ఇక్కడ ఈ కోట కట్టించినది విఠలుడని, అతడు గోన గన్నయరెడ్డి పక్షాన పనిచేసినవాడని దాని సారాంశం. ఆ పాత లిపి నాకు ఒక్క ముక్క తెలియలేదు, విషయం పుస్తకాల్లో చదివి పోల్చుకున్నదే. అయినా ఆ రాయి ముందు నిలబడ్డ మొదటి రోజు నా ఒళ్ళు జలదరించింది. గన్నారెడ్డి ఉన్నాడు! నిజంగా ఉన్నాడు!

ఇంటికొచ్చి చరిత్ర పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. అక్కడే చిక్కొచ్చింది. గన్నారెడ్డి ఉన్నాడు సరే. రుద్రమ ఉంది, వీరభద్రుడున్నాడు. దేవగిరి యాదవులతో యుద్ధం కూడా ఉంది. ఆడదని చంపకుండా వదిలేశామని యాదవుల పక్షాన హేమాద్రి రాసుకున్నాడు. కాకతీయుల వైపు శాసనం బీదరు కోటలో దొరికింది. ఇద్దరూ తామే గెలిచామంటే ఎవరి పాసుబుక్కు నమ్మాలి? అది వదిలేయండి. గన్నారెడ్డి గజదొంగ అన్న మాటకు మాత్రం ఆ శాసనంలో ఆధారం లేదు. అన్నాంబిక లేదు. పెళ్ళి లేదు, పీటలు లేవు. ఆదవాని ఉంది, అయితే పెళ్ళివారి ఊరుగా కాదు, గెలిచిన కోటగా. ఇక రుద్రమ. చందుపట్ల శాసనం ప్రకారం 1289 నాటికే ఆమె, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకుడు చనిపోయారు. వాళ్ళకు పుణ్యం కలగాలని ఒక బంటు భూమి దానమిచ్చాడు. అంబదేవుడి మీద పోరులో పోయి ఉంటుందని చరిత్రకారులు అంటున్నారు. పెద్ద వయసులో, యుద్ధభూమిలో. మా అక్క నోట నేను విన్న రుద్రమ మాత్రం వీరభద్రుణ్ణి పెళ్ళాడి, అక్కడితో పుస్తకం మూసుకుపోయి, ఇరవై ఏళ్ళ పడుచుగానే ఉండిపోయింది.

వోచరు లేకుండా పెద్ద మొత్తం ఖర్చు రాసిన క్లర్కును పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో నాకు బాపిరాజు గారి మీద అలా కోపమొచ్చింది. ఉగాది సభలో మైకు పట్టుకున్నది గుర్తొచ్చి ఇంకా కోపమొచ్చింది. కొన్నాళ్ళకు తగ్గింది. ఆయన నవల అని చెప్పే అమ్మారు, చరిత్ర అని కొన్నది నేను. బ్యాంకులో ఏ పద్దుకు చెందినదో తెలియని మొత్తాన్ని సస్పెన్సు ఖాతాలో వేస్తాం. అన్నాంబికను అక్కడ వేసి ఊరుకున్నాను.

ఇక్కడ ఒక మాట అడ్డం చెప్పాలి. మా పావగడ తాలూకాలోనే నిడుగల్లు కోట ఉంది. గన్నారెడ్డి కాలానికి అటూ ఇటూ అక్కడ ఇరుంగోళ బిరుదు గల చోళ సామంతులు ఏలారు, కరికాల చోళుడి వంశం మాదన్నారు, హొయసలులతో తలపడ్డారు. వాళ్ళ శాసనాలున్నాయి, కోట గోడలున్నాయి. కానీ వాళ్ళ మీద మా ఇళ్ళల్లో చదువుకునే నవల లేదు. అందుకే మా పిల్లలకు ఎక్కడో ఉన్న వర్ధమానపురం తెలుసు, కళ్ళెదుట ఉన్న నిడుగల్లు కొండ తెలియదు. అబద్ధాలు చెప్పినా సరే, ఒక బాపిరాజు మాకూ ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

2005లో అక్క, మామ మంత్రాలయం దర్శనానికని రాయచూరు వచ్చారు. దర్శనమైన మరునాడు కోటకు తీసుకుపోయాను. అక్క రాయి పొడుగునా చెయ్యి రాస్తూ నడిచింది, చివరి దాకా. "అన్నాంబిక పేరు యాడుంది రా?" అని అడిగింది. లేదక్కా అన్నాను. "పోనీలే" అని, బడిపిల్లలెవరో గోడ దగ్గర ఆడుతుంటే అటు పోయింది. అక్క అప్పటికి పదిహేనేళ్ళుగా అంగనవాడి టీచరు. ఏ ఊరి పిల్లలు కనిపించినా ఆగదు.

మామ మాత్రం శాసనం పక్కన చెక్కిన బొమ్మ దగ్గర ఆగిపోయాడు. ఆ బండను అక్కడికి ఎలా తెచ్చారో దాని మీదే చెక్కి పెట్టారు. పెద్ద బండి, దాన్ని లాగే దున్నపోతుల వరస, చక్రాల కింద మీటలు పెట్టి తోసే మనుషులు. "అబ్బా, ఏం లోడు రా ఇది!" అన్నాడు. బస్సు మనిషి కదా. చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూనే, నా వైపు తిరగకుండా అన్నాడు.

"గన్నారెడ్డికి నువ్వు రాసిన కార్డు నాకు దొరికింది లే."

నాకు నోట మాట రాలేదు.

పెళ్ళికి వారం ముందు, ఈ పిల్ల అంతగా ఏం చదువుతోందో చూద్దామని పుస్తకం బస్సులోకి పట్టుకుపోయాడట. మామకు తెలుగు మెల్లిగా వస్తుంది. బస్సు హిందూపురంలో ఆగినప్పుడల్లా రెండు పేజీలు చదివాడట. మూడో రోజు కార్డు బయటపడింది.

"కొట్టొద్దు అని రాసినావు చూడు, దానికి నవ్వొచ్చె. ట్రైనింగుకు పోవల్ల అని రాసింది చదివి నవ్వు పోయె. ఆ రాత్రే మీ అమ్మ దగ్గరికి పోయినాను. అక్కా, పిల్లకు ఇష్టమేనా, ఒక మాట అడుగు అన్నాను. ఆడపిల్లను అడిగేదేందిరా అని నన్ను తిట్టె. నేనొద్దంటే ఏమైతాదో నీకు తెలుసు కదా. మామే వద్దన్న పిల్ల అంటారు. ఇంక దానికి సంబంధం వస్తాదా?" కొంచెం ఆగాడు. "పీటల మీద కూర్చున్నానా, అప్పుడు నాకు నిజంగా అనిపించింది రా. ఎవరన్నా వచ్చి నన్ను ఎత్తుకపోతే బాగుండని."

అక్క పిల్లలతో ఏదో ఆట మొదలుపెట్టినట్టుంది, వాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. ఈ సంగతి అక్కకు తెలుసా అని అడిగాను. "ఎందుకు చెప్పేది?" అన్నాడు మామ. "పెండ్లయిన మూడో దినం చెప్పింటే తంటా. ఇరవై ఏండ్లయినాక చెప్తే ఇంకా తంటా."

ఆ రాత్రి నవల మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఈసారి అన్నాంబిక కోసం కాదు, వరదారెడ్డి కోసం. నాకు ఆ నవల మీద ఉన్న తగాదా అంతా అక్కడే మొదలైంది. బాపిరాజు గారి గద్యం ఇప్పటికీ నాకు తియ్యగానే ఉంటుంది. ఆయన అడవులు, వాగులు, గుర్రాల డెక్కల చప్పుడు, కోటల మీద వెన్నెల, ఇప్పుడు ఆ వర్ణనలు కూడా దాటేయకుండా చదువుతాను. ఆడదాన్ని సింహాసనం మీద కూర్చోబెట్టి, చుట్టూ ఉన్న మగవాళ్ళచేత తలవంచి మొక్కించడం ఆ రోజుల్లో చిన్న పని కాదు. కానీ ఎత్తుకుపోబడ్డ పెళ్ళికొడుకు మీద మనకు నవ్వు రావాలి, జాలి కలగకూడదు. జాలి కలిగితే కథ నడవదు. అందుకే అతన్ని తేలిక చేశారు. మన గన్నారెడ్డి అంత చక్కనివాడు, అంత ధీరుడు కావాలంటే పీటల మీద కూర్చున్నవాడు ఎందుకూ పనికిరానివాడై ఉండాలి. నిజం పెళ్ళిళ్ళలో పీటల మీద కూర్చునేవాళ్ళు అంత సులభంగా కుదరరు. బూందీ పొట్లాలు తెస్తారు.

ఇంకోటి కూడా కనిపించింది, పదమూడేళ్ళప్పుడు కనిపించనిది. గన్నారెడ్డి పెళ్ళి చెడగొట్టింది అన్నాంబిక కోసం కాదు. ఆదవాని, వర్ధమానపురం ఒకటి కాకూడదని. అది రాజకీయం. ఆమెకు మేలు జరిగింది, నిజమే. కానీ నీకీ పెళ్ళి ఇష్టమేనా అని పెళ్ళి చేసేవాళ్ళూ అడగలేదు, చెడగొట్టినవాడూ అడగలేదు. మా ఇంట్లో అడిగినవాడు ఒకడున్నాడు, చిన్నమామ. అడగవలసిన మనిషిని మాత్రం కాదు. నేనైతే ఆ మాట కూడా అనలేదు. కార్డు రాసి, రోడ్డు మీద దుమ్ము చూస్తూ నిలబడ్డాను.

అక్క కాపురం ఎలా సాగిందని మీరు అడగవచ్చు. బాగానే సాగింది. ఇద్దరు పిల్లలు. మామ బస్సులో దొరికిన వారపత్రికలే కాక హిందూపురంలో అద్దెకిచ్చే నవలలు కూడా వారం వారం తెచ్చి ఇచ్చేవాడు. ట్రైనింగుకు పోలేదు. అంగనవాడి ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ వద్దంటే మామ ఒప్పుకోలేదు, అమ్మతో ఆరు నెలలు మాటలు లేవు. ఆ పోట్లాట ఎందుకంత మొండిగా పడ్డాడో నాకు రాయచూరు కోట దాకా అర్థం కాలేదు. అక్క సంతోషంగా ఉందా అంటే ఉంది. ఇంకోలా జరిగి ఉంటే ఇంకా సంతోషంగా ఉండేదా అంటే, దానికి పద్దు లేదు.

మామ 2021లో పోయాడు. నాలుగెకరాల మెట్టను 2,050 మెగావాట్ల సోలారు పార్కు వచ్చినప్పుడే లీజుకిచ్చేశారు. శెనక్కాయ వేసిన చేలో ఇప్పుడు అద్దాలు పండుతున్నాయి. వలవడానికి కాయలు లేవు, కాబట్టి అక్కకు మధ్యాహ్నాలు తీరికే. పోయిన సంక్రాంతికి నా 'గోన గన్నారెడ్డి' తీసుకుపోయి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు కార్డు సంగతి కూడా చెప్పాను. మామ పీటల మీద ఏమనుకున్నాడో అది కూడా. చెప్పవచ్చునో లేదో పదిహేనేళ్ళకు పైగా తేల్చుకోలేకపోయాను, ఆ పూట తేల్చుకున్నానని కూడా కాదు, నోట్లోంచి వచ్చేసింది.

అక్క చాలాసేపు ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. తరువాత పుస్తకం తెరిచి, పెళ్ళి ఘట్టం దాకా పేజీలు తిప్పింది. వేలు పెట్టి, అప్పటిలాగే, వెతుకుతూ పోయింది.

"ఏం వెతుకుతాండావక్కా?" అన్నాను.

"వరదారెడ్డిని పట్టకపోయినాక అన్నం పెట్టినారా లేదా అని" అంది. "నువ్వు సరిగ్గా చదివినావో లేదో. యాడో ఒకచోట రాసే ఉంటాడు చూడు."